విమానం బాగుచేసే చదువు, మన ఇళ్ళ పిల్లలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు ధర గురించో, రావాల్సిన రిబేటు బాకీల గురించో మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. అవి మధ్యాహ్నం తీర్మానాల్లో ఎటూ వస్తాయి. ఈ పూట మేము వేరే సంగతి ఎత్తుకున్నాం. విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు చదువు. అందులోనూ చిన్న విమానాలది.

మగ్గాల వాళ్ళకు విమానాలతో ఏం పని అని వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఈ రెండు మూడేళ్ళుగా మా సంఘం ఆఫీసుకు అప్పు కోసం వచ్చేవాళ్ళలో "పిల్లోణ్ణి ఏరోప్లేను చదువుకు వేస్తున్నాం" అనేవాళ్ళు కనబడుతున్నారు. ఎవరో ఏజెంటు ఊరికొస్తాడు, రంగురంగుల కాగితం చూపిస్తాడు, రెండేళ్ళలో ఉద్యోగం గ్యారంటీ అంటాడు. ఒక ఇంట్లో జాకార్డు పెట్టెతో సహా మగ్గం అమ్మి ఫీజు కడతామని వచ్చారు. మగ్గం దాకా వచ్చిందంటే అది సంఘం సంగతే కదా. అందుకే తెలుసుకున్నంత మేరకు సభలో పెట్టాలనుకున్నాం.

ముందు ఒక మాట. మన బళ్ళారికి విమానం కొత్తేమీ కాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా గారు కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా సంచులు విమానంలో తెచ్చారు. అక్కడినుంచి ఆ టపాను నెవిల్ విన్‌సెంట్ అనే ఆయన మద్రాసుకు తీసుకుపోయారు. ఆ దారిలో రాత్రి మజిలీ మన బళ్ళారే. ఇప్పుడు ఎయిర్ ఇండియా అంటున్నామే, దానికి మొదలు అదే. అప్పటి వాళ్ళ బలగం ఎంతనుకున్నారు? బొంబాయి జుహూలో ఆకులు కప్పిన ఒక షెడ్డు, రెండు చిన్న విమానాలు, పార్ట్‌టైం ఇంజనీరు ఒకరు, అప్రెంటిస్ మెకానిక్‌లు ఇద్దరు. టాటా గారిని లోకం గుర్తుపెట్టుకుంది. ఆ ఇద్దరు అప్రెంటిస్‌లు షెడ్డులోనే ఉండిపోయారు. చీర ఎవరు కట్టుకున్నారో ఫొటోలో పడుతుంది గాని, ఎవరు నేశారో పడదు గదా, అట్లాంటిదే ఇదీ.

ఆ విమానం పేరు పుస్ మాత్. ఇంగ్లండులో డి హావిలండ్ కంపెనీ చేసింది. ఒళ్ళంతా ఉక్కు గొట్టాల చట్రం, రెక్కలు చెక్క, పైన కప్పింది బట్ట. అవును, బట్టే. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన మొదటి విమానం రెక్కలకు కప్పిందీ నూలు మస్లినే. వాళ్ళకు ఇంజను చేసిపెట్టినవాడు వాళ్ళ సైకిలు షాపు మెకానిక్ చార్లీ టేలర్. ఆయన పుట్టినరోజు మే 24ను అమెరికాలో విమాన మెకానిక్‌ల దినంగా జరుపుతారు. మన దేశంలో బెంగళూరు హెచ్.ఎ.ఎల్. వాళ్ళు చేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. దానికీ బట్ట కప్పే ఉండేది.

ఆ బట్టకు లెక్క ఉంది. నేతగాళ్ళకు ఈ లెక్క చెప్పకుండా ముందుకు పోలేం. గ్రేడ్ ఎ విమానం గుడ్డ అంటే అంగుళానికి పడుగు 80 నుంచి 84 పోగులు, పేకా అంతే. అంగుళం వెడల్పు పీలిక తీసి లాగితే 80 పౌండ్ల దాకా, అంటే దాదాపు 36 కిలోల బరువుకు తట్టుకోవాలి. ఎండకు, వానకు బలం తగ్గి 56 పౌండ్లకు దిగువకు వస్తే ఆ బట్ట మొత్తం విప్పి పారేసి కొత్తది కప్పాల్సిందే. కప్పిన గుడ్డను రెక్క లోపలి పక్కటెముకలకు మైనం పట్టించిన దారంతో కుట్టి, పైన డోప్ అనే పూత పూస్తారు. మనం పడుగుకు గంజి పెట్టినట్టు అనుకోండి. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పు తోలు మాదిరి బిగుసుకుంటుంది. ఈ గుడ్డలో ఇంకా ప్రాణం ఉందా లేదా అని తేల్చి సంతకం పెట్టేది మెయింటెనెన్స్ ఇంజనీరే. ఈ రోజుకీ ఆ చదువులో ఆరో మాడ్యూల్ పాఠాల్లో బట్ట కప్పడం, దాని లోపాలు పట్టడం, బాగుచెయ్యడం ఒక భాగం. ఇప్పటి విమానాలు ఎక్కువగా అల్యూమినియం, కాంపోజిట్‌వి. అయినా పాఠం తీసెయ్యలేదు.

ఇంకో ముచ్చట. గోదావరి జిల్లాలో నరసాపురం దగ్గర మాధవాయపాలెం అని ఊరు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు బట్టల కోసం అక్కడ కొట్టు పెట్టారు. ఆ పేరు వాళ్ళ నోట్లో మదపోలం అయింది. అక్కడి సన్న నూలు గుడ్డకు ఆ పేరే నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో చెక్కతో చేసిన మస్కిటో అనే విమానానికి, ప్లైవుడ్ మీద అతికించి డోప్ పూసింది ఆ మదపోలం గుడ్డనే. పేరు మన తెలుగు నేతవాళ్ళ ఊరిది. బట్ట మాత్రం అప్పటికి మిల్లులది. దీనికి గర్వపడాలో ఏడవాలో మీరే చెప్పండప్పా.

సరే, ఇప్పటి పనికొద్దాం. ఆ అప్పు అడిగిన ఇంటావిడతో కలిసి మేము ఒక పైలట్ శిక్షణ పాఠశాల షెడ్డుకు పోయి చూసొచ్చాం. షెడ్డును హ్యాంగర్ అంటారు. అక్కడున్నవి సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానాలు. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపినా పన్నెండు వందల కిలోల లోపే. లోపల నాలుగు సిలిండర్ల ఇంజను, గాలికే చల్లబడేది. ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే మాగ్నెటోలు రెండు. ఒకటి ఆగిపోయినా రెండోది నడిపిస్తుంది. మన మోటారు సైకిలుకు ఒకటి పోతే దారి పక్కన ఆపి తోసుకుంటూ వస్తాం. పైన దారి పక్కన అనేది లేదు గదా.

ప్రతి 50 గంటల ఎగురుడుకు ఇంజను ఆయిలు మార్చాలి. పాత ఫిల్టరును పారెయ్యరు. దాన్ని కోసి, మడతలు విప్పి, ఇనుప రజను ఏమైనా కనబడుతుందా అని వెతుకుతారు. రజను కనబడితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. 100 గంటలకు ఇంజను మూతలు విప్పి కంప్రెషను, ప్లగ్గులు, కంట్రోలు కేబుళ్ళ బిగువు, బ్రేకులు, టైర్లు అన్నీ చూస్తారు. పొద్దున ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి వంపి చూస్తారు. అది నీలం రంగులో ఉంటుంది. నీళ్ళు కలిసి ఉంటే అడుగున తేలిపోతాయి. బోల్టు వదులు కాకుండా సన్న తీగ మెలేసి కడతారు. ఆ తీగ ఏ వైపు లాగాలి, ఎన్ని మెలికలు పడాలి అన్నదానికీ లెక్కే. ఆవిడ ఆ తీగ పనిని చాలాసేపు చూసింది. "అచ్చు అతికినట్టే ఉందన్నా" అంది.

గోడ మీద పలక ఉంది. ఒక్కో పనిముట్టుకు దాని ఆకారం రంగుతో గీసి ఉంది. సాయంత్రం షెడ్డు మూసే ముందు ఒక్క ఆకారం ఖాళీగా కనబడినా ఆ విమానం కదలదు. ఆ పానా ఇంజనులో మరిచిపోయి ఉండొచ్చు కాబట్టి. మా సంఘంలో కత్తెర పోతే పక్కింటి కత్తెర తెచ్చుకుంటాం. అందుకే ఇది మా వల్ల అయ్యే పని కాదని అప్పుడే తెలిసిపోయింది.

ఇంత చేశాక ఒక సంతకం ఉంటుంది. పని పుస్తకం ప్రకారం అయింది, ఈ విమానం ఎగరడానికి తగినది అని లైసెన్సు ఉన్న మనిషి రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం లేకుండా పైలట్ ఎక్కడు. మన సంఘంలోనూ చీర మడత విప్పి, వెలుతురుకు పట్టి చూసి ముద్ర వేసేదాకా అది సరుకు కాదు. మన దగ్గర పొరపాటు జారితే బేరం పోతుంది. అక్కడ ఏం పోతుందో చెప్పక్కర్లేదు.

ఆ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం వారి డి.జి.సి.ఎ. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు దెబ్బ తింటున్నారు, కాబట్టి నిదానంగా చెప్తాం. కోర్సు పూర్తయినట్టు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, డి.జి.సి.ఎ. లైసెన్సు వేరు. ఏరోనాటికల్ బి.ఇ. డిగ్రీ వేరు, ఇది వేరు. కోర్సు అయ్యింది గానీ లైసెన్సు రాలేదంటే ఆ పిల్లోడు హెల్పరే. ఏజెంటు చూపించే రంగు కాగితంలో ఈ ముక్క ఉండదు.

పియుసిలో, ఆంధ్ర పక్క ఇంటర్ అంటారు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు చదివి ఉండాలి. ఇంజనీరింగు డిప్లొమా వాళ్ళకూ దారి ఉంది. డి.జి.సి.ఎ. ఆమోదించిన శిక్షణ సంస్థలో చేరాలి. లైసెన్సులో రకాలున్నాయి. బి1.1 అంటే టర్బైన్ ఇంజను విమానాలు. ఎయిర్‌లైన్స్ పెద్ద విమానాలు దీంట్లోకే వస్తాయి. బి1.2 అంటే పిస్టన్ ఇంజను విమానాలు, మేము చూసొచ్చిన సెస్నా లాంటివి. బి2 అంటే కరెంటు, ఎలక్ట్రానిక్ పరికరాల పని. బి3 అంటే 2000 కిలోలకు మించని, లోపల గాలి ఒత్తిడి పెట్టని చిన్న పిస్టన్ విమానాలు మాత్రమే. శిక్షణ గంటలు బి1.1కు 2400, బి1.2కు 2000, బి3కి 1000. సంస్థకు ఆమోదం ఉందంటే అన్నిటికీ ఉన్నట్టు కాదు. ఒక్కో రకానికి విడిగా ఉంటుంది. మీ పిల్లోడు చదివే రకానికి ఉందా, ఈ రోజుకు అమల్లో ఉందా అనేది డి.జి.సి.ఎ. వెబ్‌సైటులో జాబితా చూసి తెలుసుకోవాలి. సంస్థ గోడ మీద వేలాడేసిన ఫ్రేము చూసి కాదు.

చిన్న విమానం కాబట్టి చదువు చిన్నదనుకోకండి. పదికి పైగా పేపర్లు. లెక్కలు, ఫిజిక్స్, కరెంటు, లోహాలు, పని పద్ధతులు, గాలిలో ఎగిరే సూత్రాలు, చట్టం, ఇంజను, ప్రొపెల్లరు అన్నీ ఉంటాయి. మనిషి పొరపాటు ఎట్లా చేస్తాడు అనేదానికే ఒక పేపరు ఉంది. అలసట, నిద్ర లేకపోవడం, తొందర, పక్కవాడు చూశాడులే అనుకోవడం, ఇవన్నీ అందులో పాఠాలు. పండగ ఆర్డరుకు మూడు రాత్రులు వరసగా నేసి, నాలుగో రోజు పొద్దున అంచు రంగు మార్చేసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు ఆ పేపరు ఇట్టే అర్థమవుతుంది.

ప్రతి పేపరులో నూటికి 75 రావాలి. మన ఎస్సెస్సెల్సీ పాసు మార్కుతో పోల్చుకోండి. పేపర్లన్నీ అయ్యాక కూడా అనుభవం చూపించాలి. ఆమోదించిన కోర్సు చదివినవాళ్ళకు బి1.2, బి3 అయితే ఒక ఏడాది, బి1.1, బి2 అయితే రెండేళ్ళు, నిజంగా ఎగిరే విమానాల మీద పనిచేసి ఉండాలి. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసి పై ఇంజనీరుతో సంతకం పెట్టించుకోవాలి. లైసెన్సు వచ్చినా ఐదేళ్ళకోసారి రెన్యువల్. మధ్యలో పని వదిలేసి కూర్చుంటే అధికారం నిలవదు.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెప్తాం. పేరు వద్దు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. రెండు గుంటమగ్గాల మీద ఇల్లు నడుపుకొచ్చింది. కొడుకు పదో తరగతి దాకా కన్నడం మీడియం, ఇంట్లో తెలుగు. పియుసి సైన్సు బాగానే పాసయ్యాడు. ఎవరో చెప్పగా ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. ఊళ్ళోవాళ్ళ దగ్గర వడ్డీకి తెచ్చి రెండేళ్ళ ఫీజు కట్టారు. కోర్సు అయిపోయింది, పట్టా చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. నాలుగు పేపర్లు మిగిలిపోయాయి. ఉద్యోగం గ్యారంటీ అన్న మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. అప్పుడు ఆవిడ మగ్గం అమ్ముతానని మా దగ్గరికొచ్చింది.

మా పాలకవర్గంలో దీని మీద రెండు గంటలు వాదన జరిగింది. పొదుపు నిధి నూలుకు, మగ్గం రిపేరికి, వైద్యానికి ఇవ్వాలి గాని, ఎక్కడో విమానం చదివేవాడికి ఎందుకన్నారు కొందరు. నూలుకిచ్చింది వాయిదాల్లో తిరిగొస్తుంది, దీనికి భరోసా ఏంటన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నిధి అందరిదీ. ఇంకొకరు లేచి, వాడు మగ్గం మీద కూర్చునుంటే అప్పు ఇచ్చేవాళ్ళం, మగ్గం దిగినందుకు శిక్షా అన్నారు. చివరికి అడిగినదాంట్లో సగం ఇచ్చాం. రెండు షరతులు పెట్టాం. మగ్గం అమ్మకూడదు. పిల్లోడు ఇంట్లో కూర్చొని చదవకుండా ఏదో ఒక హ్యాంగరులో చేరి అనుభవం లెక్కలో వేసుకుంటూ పేపర్లు రాయాలి.

చేరాడు. మొదట్లో విమానాలు కడగడం, టైర్లకు గాలి పట్టడం, ఆయిలు డబ్బాలు మోయడం. జీతం ఇక్కడ జీన్స్ యూనిట్‌లో కుట్టేవాడికంటే తక్కువ. అయినా లాగ్‌బుక్కు నిండుతోంది. నాలుగు పేపర్లలో మూడు అయిపోయాయి. మిగిలింది చట్టం పేపరు. అందులో 40 ప్రశ్నలు, 30 సరిపోతే పాసు. పోయినసారి 29 వచ్చాయి. ఇంజను విప్పి బిగించే పిల్లోడు ఇంగ్లీషులో రాసిన రూల్సు దగ్గర ఒక్క ప్రశ్నకు ఆగిపోయాడు. "ఒక్క ప్రశ్నకు ఇంకో సెషన్ దాకా ఆగాలా అన్నా?" అని ఆవిడ అడిగింది. ఆగాలమ్మా అన్నాం. 29కి వదిలేస్తే ఆ సంతకానికి విలువ ఏముంటుంది?

దీన్నిబట్టి మా అభిప్రాయం ఒకటి. తెలుగు, కన్నడం మీడియం పిల్లలు ఈ చదువుకు పనికిరారు అనేవాళ్ళున్నారు. అది తప్పు. కానీ మాన్యువళ్ళన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒక మాటకు అర్థం తెలియకపోతే ఊహించి బోల్టు బిగించే వీలు లేదు. అందుకని చేరాక చూద్దాంలే అనకుండా, పియుసిలో ఉండగానే రోజుకు ఒక పేజీ ఇంగ్లీషు గట్టిగా చదివించండి. ఆడపిల్లలకు కూడా దారి ఒకటే, లైసెన్సు ఒకటే. మనం ఆడపిల్లను పంపడానికి దూరం చూస్తాం, మగపిల్లోడికైతే మగ్గం అమ్ముతాం. దీని మీద మా ఇంట్లోనే మాకు చీవాట్లు పడ్డాయి.

డబ్బు సంగతి. ఫీజు లక్షల్లోనే ఉంటుంది, పైన హాస్టలు ఖర్చు. ఊళ్ళో వడ్డీకి తేవడం కంటే ముందు బ్యాంకు విద్యా రుణం అడగండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదని నియమం. అయితే ఆ సంస్థకు, ఆ కోర్సుకు రుణం వర్తిస్తుందా అని మేనేజరుతో ముందే తేల్చుకోండి. చేరిన తర్వాత కాదు.

సరిహద్దు మనుషులం కాబట్టి ఇంకో చిక్కు. మన బళ్ళారి పక్క దేవాంగ, పద్మశాలి వాళ్ళది 2ఎ. అదే మనిషి రాయదుర్గంలో బి.సి.-బి. 1953 అక్టోబరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్ళారి మైసూరులో కలిసినప్పటి నుంచి ఒకే ఇంటి అన్నదమ్ములకు రెండు రకాల సర్టిఫికెట్లు. స్కాలర్‌షిప్పు ఏ రాష్ట్రానిదో, సర్టిఫికెట్ ఆ రాష్ట్రానిదే ఉండాలి. అమ్మమ్మ ఊరి అడ్రసుతో తీసుకుంటే తర్వాత ఇబ్బంది. డి.జి.సి.ఎ. లైసెన్సుకు మాత్రం ఈ గొడవ లేదు. అది దేశమంతటికీ ఒక్కటే.

పని ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. తోరణగల్లులో జిందాల్ వాళ్ళ విమానాశ్రయం ఉంది, ఓర్వకల్లులో 2021లో తెరిచారు, ఇంటి పక్కనే ఉద్యోగం అనుకోకండి. అక్కడ విమానం వచ్చి పోతుంది. పెద్ద మెయింటెనెన్స్ వేరే ఊళ్ళలో. చిన్న విమానాల పని పైలట్ శిక్షణ పాఠశాలల్లో ఉంటుంది. బెంగళూరు జక్కూరులో ప్రభుత్వ పాఠశాల ఉంది, మైసూరులో ఉంది, హైదరాబాదు బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది. 2021లో కలబురగి, బెళగావి విమానాశ్రయాల్లో కొత్త పాఠశాలలకు చోటు ఇచ్చారు. పైలట్లు కావాలనుకునే పిల్లలు ఎంత పెరిగితే ఆ విమానాలు అన్ని గంటలు ఎగురుతాయి. గంటలు పెరిగితే 50కి, 100కి విప్పి చూసే చేతులు కావాలి. జీతం ఎయిర్‌లైన్స్ అంత ఉండదు. బి1.1 చదివినవాళ్ళు తర్వాత పిస్టన్ పేపర్లు రాసి, అనుభవం చూపించి బి1.2 కూడా చేర్చుకోవచ్చు. ఆ రెండూ ఉన్నవాడికి దారులు ఎక్కువ.

భోజనాల తర్వాత మా సంఘం బెంచీ దగ్గర డి.జి.సి.ఎ. ఆమోదించిన సంస్థల జాబితా ప్రింటు తీసి పెట్టాం. మీకు ఎవరైనా ఇచ్చిన రంగు కాగితాలు ఉంటే తెచ్చి దాంతో సరిచూసుకోండి. పిల్లల మార్క్స్ కార్డు ఉంటే అదీ తెండి. ఆవిడ కూడా అక్కడే కూర్చుంటానంది, ఖర్చుల లెక్క అడిగితే తన నోటుబుక్కు చూసి చెప్తుంది. కొడుకు రాలేదు. ఈ ఆదివారం వాడికి షెడ్డులో 100 గంటల పని పడింది.